సాక్షికి బత్తెమిచ్చువా రెవరు?

గోదావరి డెల్టాలో చమురుకొఱకును వాయువుకొఱకును బావులు త్రవ్వవలెనన్నను, పెద్ద విద్యుత్కేంద్రము నొకదానిని నిలుపవలెనన్నను, ఆ పనివలన నేలకు, నీటికి, గాలికి, జనులకు కలుగబోవు మేలుకీడులను ముందుగా విచారించి నివేదిక వ్రాయింపవలెనను నియమము మనదేశమున 1994 జనవరి 27వ తేదీ ప్రకటనముతో నేర్పడెను. దాని స్థానమున 2006 సెప్టెంబరు 14వ తేదీ ప్రకటనము వచ్చెను. నియమము మంచిదే. కాని ఆ నివేదికను వ్రాయువా రెవరు? వారికి సొమ్మిచ్చువా రెవరు? ఈ రెండు ప్రశ్నలకు సమాధానము తెలిసినవారు మన పట్టణములలో సైతము మిక్కిలి కొలదిమంది. వ్రాయునది ప్రభుత్వము కాదు. కాలుష్య నియంత్రణ మండలి కాదు. పని తలపెట్టిన కంపెనీయే యొక సలహాసంస్థను తానే యెన్నుకొని, తానే బేరమాడి, తానే సొమ్మిచ్చి వ్రాయించుకొనుచున్నది. ఆ వ్రాతనే ముందు పెట్టుకొని ప్రభుత్వము అనుమతి నిచ్చుటయో మానుటయో చేయుచున్నది.

న్యాయస్థానముల మర్యాద మన చదువరులకు క్రొత్తగా చెప్పనక్కరలేదు. సివిలు దావాలో సాక్షిని పిలిపించుకొనువాడు బత్తెమును చాటుగా సాక్షి చేతిలో పెట్టడు, కోర్టులో దాఖలుచేయును, కోర్టువారు దానిని సాక్షి కిత్తురు. పొలముగట్టు తగవు వచ్చి స్థలమును చూడవలసినపుడు కోర్టువారు కమీషనరును నియమింతురు. ఆతని ఫీజు కక్షిదారుడే కట్టును. కాని కమీషనరును కోరి తెచ్చుకొనువాడు కక్షిదారుడు కాడు. ఆతని రిపోర్టు తిన్నగా కోర్టునకు చేరును గాని ముందు వాదిగారి యింటికి పోయి దిద్దుబాట్లు పొంది రాదు. అరయెకరము మాగాణి తగవులో మన న్యాయశాస్త్రము చూపిన జాగ్రత్త యిది. రెండు గోదావరి జిల్లాల నేలకును, కాలువలకును, సముద్రతీరమునకును సంబంధించిన తగవులో ఇంతపాటి జాగ్రత్తయైన లేకపోవుటకు కారణమేమి?

రైతులకు వేఱొక యుపమానము చాలును. కళ్లములో ధాన్యము రాసిపోసికొని, ఆకాశమువంక చూచుచు కూర్చున్నవానికి, తేమ నూటికి 17 పాళ్లు మించినదా లేదా యనునది యెంతటి ప్రాణసంకటమో డెల్టాలో పుట్టినవారి కెవరికి తెలియదు? తేమచూచు యంత్రము మిల్లు గుమాస్తా చేతిలో నున్నంతకాలము ముల్లు మిల్లువైపే మొగ్గుచున్నదని రైతు మొఱపెట్టుకొనుచునే యుండును. గుమాస్తా దొంగయని మా యభిప్రాయము కాదు. ఆతడు సత్యసంధుడే కావచ్చును. కాని సందేహము కలిగినచోట అంకె నెటు త్రోయవలెనో ఆతని జీతము ఆతని చెవిలో చెప్పుచుండును. సలహాసంస్థల స్థితియు నిట్టిదే. అనుమతికి అడ్డువచ్చు నివేదిక వ్రాసిన సంస్థకు మఱునాడు మఱియొక కంపెనీ పని యిచ్చునా? నివేదిక వ్రాయువారికి నియోగము వలయును. నియోగము కంపెనీలయొద్దనే కలదు. ఇంతకంటె వేఱు ప్రలోభము కావలయునా?

వెలుపలి నిపుణులే కూడదని మేము వాదించుట లేదు. ఈ మాటను ముందే స్పష్టపరచుట మంచిది. భూగర్భమున వేల అడుగుల లోతున నుండు ఒత్తిడులు తెలిసినవారిని, మడయడవుల చేపల సంతతి తెలిసినవారిని, గాలిలో విషవాయువు లెంతదూరము వ్యాపించునో గణించువారిని కాలుష్య నియంత్రణ మండలి నిత్యము జీతమిచ్చి పోషింపజాలదు. ఉన్న పనికే చాలినంత సిబ్బంది లేని మండలి అది. శాస్త్రజ్ఞులు వెలుపలినుండియే రావలయును. వైద్యుని వెలుపలినుండి పిలిపించుట తప్పు కాదు. ఆయుర్దాయపు భీమాకు దేహపరీక్ష చేయు వైద్యుని భీమా కోరువాడే తెచ్చుకొని, ఫీజు నిచ్చి, యోగ్యతాపత్రము వ్రాయించుకొనుట తప్పు. భీమా కంపెనీలు తమ వైద్యులను తామే నియమించుకొనును గదా! తమ సొమ్మువిషయమున వ్యాపారసంస్థలు పాటించు నీతిని జనుల ప్రాణములవిషయమున ప్రభుత్వమేల పాటింపరాదు?

ప్రాణముల విషయమని యూరక యనలేదు. 1995 జనవరి 8వ తేదీన పాసర్లపూడియొద్ద చమురు, సహజవాయు సంఘమువారి బావి పగిలి మంట లేచెను. ఆ మంట 65 దినములు మండెను. విదేశములనుండి నిపుణులను రప్పించిన గాని, మార్చి నడుమకు గాని అది యాఱలేదు. రాత్రులు పగళ్లైన ఆ రెండు నెలలను కోనసీమ పెద్ద లిప్పటికిని మఱవలేదు. పిమ్మట 2014 జూన్ 27వ తేదీ తెల్లవాఱుజామున మామిడికుదురు మండలము నగరము గ్రామములో గెయిల్ సంస్థవారి వాయుగొట్టము పగిలెను. తాటిపాకనుండి కొండపల్లి విద్యుత్కేంద్రమునకు వాయువును కొనిపోవు గొట్టమది. నిద్రలో నున్నవారు, పొయ్యి వెలిగించుకొనుచున్నవారు, ఇరువదిమందికి పైగా దగ్ధులై చనిపోయిరి. కొబ్బరిచెట్లు నిలిచినవి నిలిచినట్లే మాడిపోయెను. పొడివాయువునకై వేసిన గొట్టములో తడివాయువును పంపుటవలన లోహము తుప్పుతినెనని విచారణలో తేలెను. ఇం దొక విశేషమును చదువరులు గమనింపవలెను. 2006 నాటి ప్రకటనము ప్రకారము గొట్టపుమార్గము అభయారణ్యమువంటి రక్షిత ప్రదేశముల గుండ పోవునపుడే ముందస్తు పర్యావరణ విచారణ కావలయును. ఇండ్లనడుమనుండి, వంటయిండ్ల వెనుకనుండి పోయినచో అక్కరలేదు. జింకకు దొరకిన రక్షణ నగరము గ్రామస్థునకు దొరకలేదు. జింకకు రక్షణ మేల యని మేమడుగుట లేదు సుమా!

ఇక నివేదికలు వ్రాయబడు తీరును విచారింతము. ప్రకటనము ప్రకారము స్థలముయొక్క ప్రస్తుతస్థితి నెఱుగుటకు ఒక్క ఋతువు లెక్కలు చాలును. అదియు వర్షర్తువు కాకుండవలెను. ఈ నియమమును చేసినవారు మెట్టదేశములను తలచుకొని చేసియుందురు. డెల్టాకు ఋతువే ప్రాణము. ఏప్రిలు, మే నెలలలో కాలువలు కట్టివేసినపుడు వచ్చి చూచినవానికి కోనసీమ యొక రూపమున కనబడును. కాలువ అడుగున ఇసుక. మురుగుకోడులలో మడమలోతు నీరు. లంకలలో ఎండిన గడ్డి. నూనెచిందిన నీరు ఎటు పోవునని ఆతడు లెక్కవేసినచో ఎటును పోదనియే తేలును. ఆగస్టు నెలలో గోదావరి యెఱ్ఱనీరు లంకలమీదుగా పాఱునపుడు అదే స్థలమును చూడుడు. 1986 ఆగస్టులో ధవళేశ్వరమువద్ద 35 లక్షల క్యూసెక్కులకు పైగా వరద పాఱెను. 1996 నవంబరు 6వ తేదీ తుఫానులో సముద్రము ఊళ్లమీదికి వచ్చెను. బావివద్ద త్రవ్విన బురదగుంటలోని విషద్రవ్యము అట్టిదినమున ఏ కోడుగుండ ఏ చెఱువులోనికి, ఏ రొయ్యలగుంటలోనికి, ఏ మంచినీటి బావిలోనికి చేరునో వేసవిలో వచ్చిన పరీక్షకునకు తెలియునా? లాకువద్ద నుండు లస్కరు నడిగిన తెలియును. బెస్తవాని నడిగిన తెలియును. కాని లస్కరు నడుగవలెనన్న తెలుగు తెలియవలెను, ఊరిలో నాలుగునాళ్లు నిలువవలెను. దూరపట్టణములో కార్యాలయముండి, ఒకే యేట పెక్కు రాష్ట్రములకు నివేదికలు వ్రాయు సంస్థకు అంత తీఱిక యెక్కడిది?

ఆనకట్ట కట్టకముందు ఆర్థర్ కాటన్ దొర ఈ డెల్టానంతటిని తిరిగి చూచి 1840 దశకములో తన నివేదికను వ్రాసెను. 1847లో పని మొదలై 1852లో ముగిసెను. పరప్రభుత్వము తన రాబడిని చూచుకొనియే దాని కొప్పుకొనినదని మన మెఱుగనిది కాదు. అయినను ఒక భేదము గలదు. నివేదిక వ్రాసినవాని పేరు దానిమీద నుండెను. పని చెడినచో ఆ పేరునకే అపకీర్తి కలిగియుండును. వ్రాసినవాడే ధవళేశ్వరమున కాపురముండి పనిని నడపెను. నేటి నివేదికలమీద సంస్థల ముద్రలున్నవి, సంతకములున్నవి. కాని పదియేండ్ల పిమ్మట ఊరు మునిగినను, కాలినను, నీరు చేదెక్కినను, ఆ సంతకము చేసినవానిని పిలిచి యడిగినవా రున్నారా? కీడులమాట యట్లుండనిండు, మేలులమాటయు నంతే. సామర్లకోటలో 2400 మెగావాట్ల వాయువిద్యుత్కేంద్రమును కట్టిరి. సముద్రపుబావులలోని వాయువు తలచినంత రాలేదు. కేంద్రము విద్యుత్తు నీయకయే నిలిచిపోయెను. ఇట్టి పనుల కాగితములలో లాభములనుగూర్చి వ్రాసిన పుటలకు సమాధానము చెప్పువారెవరు?

చుట్టుపట్ల జరిగినదానిని చూచియైన మనము నేర్చుకొనవలెను. శ్రీకాకుళము జిల్లా సోంపేటలో 2640 మెగావాట్ల బొగ్గు విద్యుత్కేంద్రమునకు నాగార్జున కన్‌స్ట్రక్షన్ కంపెనీవారు పూనుకొనిరి. అచ్చటి బీల యనునది నీటిపట్టు, వేలాదిమంది రైతులకును బెస్తలకును జీవనాధారము, పక్షులకు నెలవు. కాగితములలో నది పనికిరాని బీడుగా కనబడెను. బీలనీటితో పైరు పండించుకొనుచున్నవారు తమ కండ్ల నెట్లు నమ్మకుందురు? 2010 జూలై 14వ తేదీన వేలాదిగా అడ్డుపడిన జనులపై పోలీసులు కాల్పులు జరుపగా ఇద్దరు మరణించిరి. అదే నెలలో జాతీయ పర్యావరణ అప్పీలు సంస్థవారు అనుమతిని కొట్టివేసిరి. బీల బీడు కాదని తేల్చుటకు రెండు ప్రాణములు పోవలసివచ్చెను. నివేదిక వ్రాసినవాడు ఒక్క వర్షకాలపు ప్రొద్దున గట్టుమీద నిలిచి చూచినను తేలియుండునది అది.

మహారాష్ట్రమునందలి రత్నగిరి జిల్లాలో బాక్సైటు గనినిగూర్చి వ్రాసిన నివేదిక కథ నవ్వు పుట్టించును. కొంకణతీరపు గని చుట్టును స్ప్రూస్, బర్చ్ వృక్షముల యడవులలో పక్షులు నివసించుచున్నవని అందు వ్రాయబడియుండెను. అవి శీతలదేశపు చెట్లు. రష్యాదేశపు గనినిగూర్చిన నివేదికనుండి పుటలు పుటలుగా ఎత్తివ్రాసినందున రష్యా చెట్లు రత్నగిరిలో మొలచినవి. మామిడితోటల సీమలో ఆ చెట్ల పేర్లను చదివి సంతకము చేసినవా రెందఱు చేతులు మారియుందురో! ఇట్టి సంగతులు పైకి పొక్కిన పిమ్మటనే, 2011లో నాటి పర్యావరణమంత్రి జైరాం రమేశ్‌గారు, పని పెట్టువాడే నివేదిక వ్రాయించుకొను ఈ యేర్పాటు హాస్యాస్పదమైనదని బహిరంగముగా నొప్పుకొనిరి. మంత్రియే యొప్పుకొనిన లోపమును ఆ తరువాత మంత్రులైనవా రెవరును తీర్పలేదు.

తీర్పకపోవుటయే కాదు, తీర్చినట్లు కనబడుటకు ఉపాయములు పన్నిరి. 2009 డిసెంబరు ఉత్తరువుతో, యోగ్యతాపత్రము గల సలహాసంస్థలే నివేదికలు వ్రాయవలెనని విధించిరి. ఆ పత్రముల నిచ్చునది భారత నాణ్యతా మండలి. మండలిని 1997లో ప్రభుత్వమును, పరిశ్రమాధిపతుల సంఘములును కలిసి స్థాపించిన సంగతిని చదువరులు గుర్తుంచుకొందురుగాక. విద్యార్హతలు లేనివారిని తొలగించుటకు ఈ పద్ధతి కొంత పనికివచ్చినదని మేము కాదనము. కాని యోగ్యత వేఱు, స్వాతంత్ర్యము వేఱు. పట్టాగల వకీలు పట్టాలేనివానికంటె మేలైనవాడే. ఆయనను న్యాయాధిపతి పీఠమున కూర్చుండబెట్టి తన కక్షిదారుని వ్యాజ్యమునే తీర్పుమన్నచో పట్టావలన నేమి ప్రయోజనము?

న్యాయాధిపతుల పీఠముమాట వచ్చినది గనుక ఇంకొకటి చెప్పవలెను. నివేదికలను పరిశీలించుటకు కేంద్రమున నిపుణసంఘము లున్నవి. 2009లో గోవా గనుల వ్యాజ్యమున, గనుల నిపుణసంఘపు అధ్యక్షుడే నాలుగు గనుల కంపెనీలలో డైరెక్టరుగా నుండినట్లు ఢిల్లీ హైకోర్టుముందు బయటపడెను. కోర్టువారు దానిని తప్పుపట్టిరి. వ్రాయువాడును కంపెనీవాడే, చూచువాడును కంపెనీవాడే యైనచో ఇక జనుల పక్షమున నున్నవా రెవరు? కంచెయే చేను మేసిన చందమిది. తరువాత 2011 జూలై 6వ తేదీన లఫార్జ్ వ్యాజ్యమున సుప్రీంకోర్టువారు స్వతంత్రమైన జాతీయ నియంత్రణ సంస్థ యొకటి యుండవలెననియు, ప్రభుత్వము సిద్ధపరచిన జాబితాలోని సంస్థలచేతనే, ప్రభుత్వము విధించిన విషయములమీదనే నివేదికలు వ్రాయింపవలెననియు చెప్పిరి. అది జరుగనందున 2014 జనవరి 6వ తేదీన మరల ఆజ్ఞాపించి మార్చి 31వ తేదీని గడువుగా పెట్టిరి. గడువు గడచి యేండ్లైనది. సంస్థ రాలేదు.

ఈ చిక్కు మనదేశమునకే కలిగినది కాదు. అమెరికాలో 1970నుండి అమలులో నున్న పర్యావరణ చట్టము ప్రకారము విచారణ ప్రభుత్వశాఖ బాధ్యత. వెలుపలి కాంట్రాక్టరును పెట్టుకొన్నను ఆతనిని శాఖయే యెన్నుకొనవలెననియు, ఫలితముతో తనకు ధనసంబంధము లేదని ఆతడు వ్రాసి యీయవలెననియు 1978లో నియమములు చేసిరి. నియమములున్నను 2011లో నొక రచ్చ లేచెను. కెనడానుండి చమురును తెచ్చు కీస్టోన్ ఎక్స్‌ఎల్ గొట్టపుమార్గమును విచారించిన కాంట్రాక్టరు సంస్థకు ఆ గొట్టపు కంపెనీ పాతఖాతాదారని తెలియవచ్చెను. ప్రభుత్వ తనిఖీదారు విచారించి, కంపెనీ అక్రమముగా ప్రభావము చూపినట్లు కానరాలేదనియు, కాంట్రాక్టరుల నెన్నుకొను పద్ధతిని బాగుపరచవలెననియు 2012లో తేల్చెను. తప్పు లేకపోయినను అపనమ్మకము పోలేదు. మనము గ్రహింపవలసిన దదియే. నివేదిక నిజమగుట చాలదు; నిజమని నమ్ముటకు జనులకు ఆధారముండవలెను. అదే దేశమున 2023లో వచ్చిన చట్టము, శాఖ పర్యవేక్షణమున కంపెనీయే పత్రమును సిద్ధపరచుకొనవచ్చునని సడలించెను. అగ్రరాజ్యము చేసినది గనుక అనుకరింపవలెనని మన అధికారు లనకుందురుగాక.

ప్రజాభిప్రాయ సేకరణ సభ లున్నవి గదా, అచ్చట జనులు నిజమును చెప్పుకొనరాదా యని కొందఱందురు. ఆ సభల తీరు నెఱిగినవారిట్లనరు. పోలవరము పనికి 2005 అక్టోబరు 10వ తేదీన ఐదు జిల్లాలలో ఒక్కనాడే సభలు జరుపబడెను. అక్టోబరు 25వ తేదీకి పర్యావరణ అనుమతి వచ్చెను. పదునైదు దినములు! 960 మెగావాట్ల జలవిద్యుత్తును, లక్షలాది జనుల యిండ్లువాకిండ్లును, మూడు రాష్ట్రముల నేలయు ఇమిడియున్న పని యది. ఒడిషా, ఛత్తీసుగఢ రాష్ట్రములలో సభలే జరుపలేదని 2007 డిసెంబరులో అప్పీలు సంస్థవారు ఆ యనుమతిని కొట్టివేసిరి. పిదప వ్యవహారము హైకోర్టున కెక్కెను. ఇక సాధారణముగా జరుగు సభలలో నివేదిక పూర్తిపాఠము ఇంగ్లీషుననే యుండును. తెలుగున దొరకునది సంగ్రహము మాత్రమే. వందలకొలది పుటల గ్రంథమునుండి ఏ పది పుటలను తెలుగుచేయవలెనో నిర్ణయించునది మరల ఆ కంపెనీయు, ఆ సలహాసంస్థయునే. 2020లో క్రొత్త ప్రకటనపు ముసాయిదాను హిందీ, ఇంగ్లీషులలో మాత్రమే వెలువరించి అభిప్రాయములు చెప్పుడన్నపుడు, రాజ్యాంగపు ఎనిమిదవ షెడ్యూలులోని భాషలన్నిటిలోనికి తర్జుమా చేయవలెనని ఆ యేడు జూన్ 30వ తేదీన ఢిల్లీ హైకోర్టువారు చెప్పవలసివచ్చెను. తెలుగువారి నేలను త్రవ్వునప్పటి నియమములను తెలుగున చెప్పించుటకు ఢిల్లీలో వ్యాజ్యము వేయవలసిన గతి!

ఈ కొఱతలు చాలవన్నట్లు 2020 జనవరి 16వ తేదీన మఱియొక యుత్తరువు వచ్చెను. చమురు, వాయువుల అన్వేషణకై త్రవ్వు బావులను, నేలమీదివైనను సముద్రములోనివైనను, ప్రభావ నివేదికయు ప్రజాభిప్రాయ సేకరణయు అక్కరలేని తరగతిలోనికి దించిరి. వాయువు తీయుట మొదలుపెట్టు నప్పటి విచారణ వేఱుగా మిగిలియున్నది. వెదకునప్పటి విచారణ పోయినది. అన్వేషణ చిన్నపని యని కాబోలు వారి తలంపు. నిజమున కది తలక్రిందులు. నేలక్రింద నేమున్నదో, ఎంత ఒత్తిడి యున్నదో మిక్కిలి తక్కువగా తెలిసినచోట త్రవ్వునదే అన్వేషణపు బావి. పాము ఉన్నదో లేదో తెలియని పుట్టలో చేయి పెట్టువానికి దీప మక్కరలేదనుటవలె నున్నది ఈ యుత్తరువు. కంపెనీ వ్రాయించిన నివేదికయైనను ఒకటి యుండినచో అందలి తప్పులను జనులు చూపగలిగెడివారు. తప్పుల నివేదిక వలదని మేము మొఱపెట్టగా నివేదికయే వలదని ప్రభుత్వము తీర్పు చెప్పెను.

దేశమునకు చమురు కావలయును, విద్యుత్తు కావలయును. ఇట్టి యాక్షేపణలతో కాలయాపన జరుగునని చెప్పువారు కలరు. చమురును పరదేశములనుండి కొనితెచ్చుకొనుటవలన దేశధన మెంత పోవుచున్నదో మాకును తెలియును. మన నేలలోని వాయువు మనకు దక్కవలెననుటలో మే మెవరికిని తీసిపోము. కాని ఆలస్యమునకు కారణమేది? సోంపేటలో పనిని ఆపినది శ్రద్ధగా వ్రాసిన నివేదిక కాదు, అశ్రద్ధగా వ్రాసినది. పోలవరపు టనుమతి కొట్టివేయబడినది సభలు జరిపినందున కాదు, జరుపనందున. నిజము చెప్పు నివేదిక యుండినచో కంపెనీలు సైతము తప్పుచోట ధనము పోయకుండ తప్పించుకొనెడివి. మఱి వ్యయముమాటకు వత్తుమా? నేడు కంపెనీ సలహాసంస్థకిచ్చు సొమ్మునే కాలుష్య నియంత్రణ మండలియొద్ద దాఖలు చేయుమనుచున్నాము గాని అధికముగా నొక్క కాసు నడుగుట లేదు.

మండలియొద్ద సొమ్ము చేరిన పిమ్మట, జాబితాలోనుండి వంతు ప్రకారమో చీటీ ప్రకారమో మండలియే నిపుణుల నెన్నుకొనవలెను. గత యైదేండ్లలో తా మెవరియొద్ద ఫీజు పుచ్చుకొనిరో ఆ నిపుణులు నివేదిక మొదటి పుటలో వ్రాయవలెను. వాల్తేరు ఆంధ్ర విశ్వవిద్యాలయమును, కాకినాడ సాంకేతిక విశ్వవిద్యాలయమును, రాజమహేంద్రవరపు ఆదికవి నన్నయ విశ్వవిద్యాలయమును చేతికందు దూరమున నున్నవి. వారికిని ప్రలోభములు కలుగవచ్చును; విద్వాంసులందఱును ఋషులు కారు. అందుచేతనే సొమ్ము మండలిద్వారా పోవలెననుట. డెల్టాకు మాత్రము వరదకాలము చేరిన పూర్తి సంవత్సరపు లెక్కలు లేనిదే నివేదికను పుచ్చుకొనరాదు. ఇవి చట్టసభలవారు చేయవలసిన పనులు. వారు చేయునంతవరకు చదువరులు ఊరకుండనక్కరలేదు.

2006 ప్రకటనములోనే మనకు పనికివచ్చు మాట లున్నవి. సభకు ముప్పది దినములు ముందుగా ప్రకటన చేయవలెను. నివేదిక ప్రతిని కలెక్టరు కార్యాలయము మొదలగు చోట్ల ఎవరడిగినను చూపవలెను. సంగ్రహమును పౌరగ్రంథాలయములలో సైతము ఉంచవచ్చునని స్పష్టముగా వ్రాసియున్నది. కావున రాజమహేంద్రవరపు గౌతమీ గ్రంథాలయమువారును, అమలాపురము, రాజోలు, నర్సాపురము, భీమవరము, కాకినాడ గ్రంథాలయములవారును తమ జిల్లాలో సభ ప్రకటింపబడినంతనే మండలికి వ్రాసి ప్రతిని తెప్పించుకొని బల్లమీద నుంచవలెను. ఇంగ్లీషు వచ్చినవారు సాయంకాలము లందు రానివారికి చదివి చెప్పవలెను. గడచిన స్వాతంత్ర్యోద్యమ దినములలో మన పఠనమందిరములు పత్రికల నిట్లే చదివి వినిపించినవి.

సభనాడు అధ్యక్షుని యెదుట మూడు ప్రశ్న లడుగవలెను. ఈ నివేదిక వ్రాసినవారికి సొమ్మిచ్చిన దెవరు, ఎంత? వారీ యూరికి ఏ నెలలలో వచ్చిరి, ఎన్నిదినము లుండిరి? వరదనాడు ఈ స్థలపు నీ రెటు పోవునని ఏ పుటలో వ్రాసిరి? సభ ముగియుటకు ముందు ఆ దినపు కార్యక్రమ సంగ్రహమును తెలుగున చదివి వినిపించి, అధ్యక్షత వహించిన యధికారి ఆనాడే సంతకము చేయవలెనని ప్రకటనము చెప్పుచున్నది. సాధారణముగా అప్పటికి ప్రొద్దు క్రుంకుచుండును, చలువపందిరి క్రింద కుర్చీలు సగము ఖాళీ యగును. చదివి వినిపించువరకు కదలకుండ కూర్చుండవలెను. అడిగిన ప్రశ్న అందు చేరలేదేని సంతకము పడకమునుపే లేచి, చేర్పుడని యడుగవలెను.